ఆ స్నానశాలలో అందరికీ ఓ చోటుండేది

చైనాలోని తియాన్‌జిన్‌లో ఎంబీబీఎస్ చదివేటప్పుడు మాకు చైనీస్ భాష చెప్పిన టీచరమ్మకు పాఠ్యపుస్తకం మీద అంత నమ్మకం ఉండేది కాదు. ఆవిడను అందరం లావ్‌షీ అనేవాళ్లం. అక్కడ టీచర్లను అలాగే పిలుస్తారు. "రేపు వార్డుల్లో మీరు మాట్లాడాల్సింది ముసలివాళ్లతో. వాళ్లెవరూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడరు" అంటూ అప్పుడప్పుడు క్లాసులో కర్టెన్లు దించేసి డీవీడీ పెట్టేవారు. మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం చాలామందిమే. గుంటూరు, ఖమ్మం, కరీంనగర్ పిల్లలు, అనంతపురం నుంచి నేను. చైనా సినిమా అంటే గాల్లోకి లేచి కొట్టుకోవడమే అనుకుని పెరిగినవాళ్లం. ఆవిడ పెట్టిన సినిమాలో ఒక ముసలాయన, ఆయన ఇద్దరు కొడుకులు, పాతకాలపు స్నానశాల ఒకటి. అంతే.

దాని పేరు ‘షీజావ్’. బయటి దేశాల్లో ‘షవర్’ అన్న పేరుతో ఆడింది. 1999లో వచ్చింది. దర్శకుడు జాంగ్ యాంగ్, అప్పటికి ముప్పై రెండేళ్లవాడు. ఆయనకది రెండో సినిమా. శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి అవార్డు దీనికే వచ్చింది. గంటన్నర సినిమాలో పెద్ద మలుపులేవీ ఉండవు. నీళ్లు కాగుతుంటాయి, తువ్వాళ్లు ఆరుతుంటాయి, ముసలివాళ్లు చదరంగం ఆడుకుంటుంటారు. చివరి బెంచీలు మొదటి పావుగంటలోనే నిద్రలోకి జారుకున్నాయి. నేను మాత్రం కన్నార్పలేదు. ఎందుకంటే ఆ సినిమాలో చూపించిన చోటు నాకు అప్పటికే తెలుసు.

ఉత్తర చైనాలో చలికాలం సంగతి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. మేమున్న రోజుల్లో నవంబర్ 15న ఊరంతటికీ ఒకేసారి హీటర్లు వదిలేవాళ్లు, మార్చి 15న కట్టేసేవాళ్లు. ఆ నాలుగు నెలలూ గదిలో వెచ్చగానే ఉండేది గానీ, స్నానం దగ్గరే కష్టం. మా హాస్టల్లో గీజరుకి ఎప్పుడూ ఏదో ఒక జబ్బే. చైనా స్టూడెంట్ల హాస్టళ్లలోనైతే అసలు స్నానాల గదులే లేవు. అందరూ ప్లాస్టిక్ బుట్టలో సబ్బు, షాంపూ, తువ్వాలు వేసుకుని క్యాంపస్ స్నానశాలకు నడిచి వెళ్లేవాళ్లు. తలుపులు లేవు, తెరలు లేవు. వరసగా షవర్లు, గోడకి చిన్న మిషన్, కార్డు పెడితేనే నీళ్లు. కార్డు తీస్తే ఆగిపోతాయి. తిరిగొచ్చేటప్పుడు అమ్మాయిల జడల చివర్లు గడ్డకట్టి పుల్లల్లా ఉండేవి.

మనవాళ్లకు అదొక పెద్ద పరీక్ష. తండ్రి ముందు చొక్కా విప్పడానికే మొహమాటపడే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలం, ముక్కూ మొహం తెలియని మగవాళ్ల మధ్య ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడాలి. వరంగల్ సీనియర్ అన్న ఒకాయన మమ్మల్ని తీసుకెళ్లాడు. "సిగ్గుపడితే చలికి చస్తావ్ రా, పద" అని మెడ మీద చెయ్యేసి లోపలికి తోశాడు. లోపల ఎవరూ ఎవరివైపూ చూడలేదు. అందరి పని వాళ్లది.

తర్వాత ఊళ్లో ఉన్న బయటి స్నానశాలకు కూడా అలవాటుపడ్డాం. అది వేరే లోకం. టికెట్టు తీసుకుంటే రబ్బరు బ్యాండుకి గుచ్చిన తాళంచెవి ఇస్తారు, మణికట్టుకి తగిలించుకోవాలి. చెప్పులు వాళ్లే ఇస్తారు. వేడినీళ్ల తొట్టిలో ఒళ్లు బాగా నానేదాకా కూర్చుంటే, అప్పుడు ఒళ్లు రుద్దే మేస్త్రీ పిలుస్తాడు. నడుం ఎత్తున్న బల్ల మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరుస్తాడు, మనిషి మనిషికీ కొత్తది. చేతికి గరుకు గుడ్డ తొడుక్కుంటాడు. మెడ దగ్గర మొదలుపెట్టి భుజం, చెయ్యి, వేలి సందులు, చంకలు, వీపు, మోకాలి వెనక, మడమ. ఎక్కడా తొందరపడడు, ఏదీ వదిలిపెట్టడు. ఒకవైపు అయ్యాక తొడ మీద అరచేత్తో చరుస్తాడు, తిరిగి పడుకోమని సైగ. బూడిదరంగు మట్టి ఒత్తులు ఒత్తులుగా రాలుతుంటే బకెట్‌తో నీళ్లు కుమ్మరించి కడిగేస్తాడు. భోగి తెల్లవారుజామున మా అవ్వ నువ్వులనూనె పట్టించి, పీట మీద కూర్చోబెట్టి సున్నిపిండితో రుద్దినట్టే ఉండేది. అవ్వ పోయాక నా ఒంటిని అంత శ్రద్ధగా పట్టించుకున్న చెయ్యి ఇంకొకటి లేదు. పరాయి దేశంలో, మాట సరిగా రాని చోట, పేరు కూడా తెలియని మనిషి చేతిలో ఆ సంగతి తెలిసొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి. నీళ్లలో ఎవరికీ కనపడలేదు.

అందుకే సినిమాలో స్నానశాల నడిపే ముసలి లియూ గారు ఒక కస్టమర్ వీపు మీద చెయ్యి వేయగానే ఆ బరువు నాకు తెలిసింది.

కథ చెప్పాలి. సినిమా మొదట్లో ఒక మనిషి రోడ్డు పక్కనున్న పెద్ద యంత్రంలోకి వెళ్తాడు. కార్లు కడిగే చోట ఉండే బ్రష్షులే మనిషిని కడిగి బయటికి పంపేస్తాయి. నిమిషాల్లో పని పూర్తి. చూస్తే అది నిజం కాదు, స్నానశాలలో పడుకుని ఒళ్లు పట్టించుకుంటున్న ఒకతను చెబుతున్న వ్యాపారం ఆలోచన. లియూ గారు విని ఊరుకుంటారు. సినిమా మొత్తానికి పునాది ఆ రెండు నిమిషాల్లోనే ఉంది.

పెద్దకొడుకు దా మింగ్ దక్షిణాన షెన్‌జెన్‌లో స్థిరపడ్డాడు. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించాక చూస్తుండగానే మహానగరం అయిపోయిన ఊరది. చైనాలో డబ్బు, సూటు, సెల్‌ఫోన్ అంటే ఆ రోజుల్లో షెన్‌జెనే. చిన్నకొడుకు అర్ మింగ్ ఒళ్లు పెరిగినా మనసు పసివాడిగా ఉండిపోయినవాడు, తండ్రితోనే పెకింగ్‌లో ఉంటాడు. (మా అవ్వ తరంవాళ్లు బీజింగ్‌ని పెకింగ్ అనే అనేవాళ్లు, నాకూ ఆ మాటే వస్తుంది.) తమ్ముడు పంపిన కార్డు మీద తండ్రి పడుకుని ఉన్నట్టు బొమ్మ చూసి, నాన్న పోయాడేమోనని దా మింగ్ పరుగెత్తుకొస్తాడు. వచ్చేసరికి నాన్న నిక్షేపంలా ఉంటాడు. ఎందుకొచ్చాడో చెప్పలేడు, వెంటనే వెళ్లనూ లేడు.

ఆ ఇరుకులో సినిమా నడుస్తుంది. రోజూ తెల్లారగానే వచ్చే ముసలివాళ్లున్నారు. కొందరు టీ తాగుతూ కీచురాళ్ల పోటీలు పెట్టుకుంటారు, మోసం చేశావంటే చేశావంటూ చిన్నపిల్లల్లా అలుగుతారు. ఒకరి వీపు మీద వేడిచేసిన గాజు బుడ్లు బోర్లిస్తారు. పెళ్లాంతో పడక వీధిన పడి కొట్టుకునేవాడు ఒకడు, అప్పులవాళ్లకి భయపడి దాక్కునేవాడు ఒకడు. లావుపాటి కుర్రాడు ఒకడు షవర్ కింద నిలబడి ‘ఓ సోలే మియో’ అనే ఇటలీ పాట గొంతెత్తి పాడతాడు. నీళ్లు ఆగితే వాడి గొంతు పెగలదు. వీధిలో జరిగే కార్యక్రమంలో వాడు స్టేజీ మీద బిగుసుకుపోతే, అర్ మింగ్ పరుగున వెళ్లి నీళ్ల పైపు తెచ్చి వాడి మీదకి తిప్పుతాడు. పాట మొదలవుతుంది. మా క్లాసులో నిద్రపోతున్నవాళ్లంతా అక్కడ లేచారు.

రాత్రి వాన కురిసే సన్నివేశం నాకు అన్నిటికంటే ఇష్టం. పాత కప్పు కారుతుంటుంది. ముసలాయన టార్పాలిన్ తీసుకుని చీకట్లో కప్పెక్కుతాడు. చప్పుడుకి లేచిన పెద్దకొడుకు కూడా ఎక్కుతాడు. ఇద్దరి మధ్యా అప్పటిదాకా మాటల్లేవు. తండ్రి మనసు గాయపడి ఉంది. అంతకుముందే దా మింగ్ తిరుగు ప్రయాణానికి టికెట్ తీసుకోవడానికి తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఊళ్లో తప్పిపోనిచ్చాడు. పెద్దకొడుకు ఎప్పుడో దూరమైపోయాడు, ఇప్పుడు చిన్నవాణ్ని కూడా పోగొట్టుకోవాలా అని ఆ రోజు ముసలాయన పడ్డ బాధ చూడలేం. ఆ వానలో సారీలు చెప్పుకోవడం, కౌగిలించుకోవడం ఏమీ ఉండదు. ఇద్దరూ కప్పు మీద తడుస్తూ పని చేస్తారు. మరుసటి రోజు తండ్రికి జ్వరం. కొడుకు చొక్కా చేతులు మడిచి నేల తుడవడం మొదలుపెడతాడు. రాజీ పడటాన్ని ఇంత చక్కగా తీసిన సినిమా నేనింకోటి చూడలేదు.

కొందరు దీన్ని మరీ తీయగా ఉందంటారు. ఆ తీపి నిజమే, ఒప్పుకుంటాను. కానీ నెమ్మదిగా ఉంది, బోరు అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. స్నానశాలలో పని జరిగే వేగమే అది. నీళ్లు కాగాలి, ఒళ్లు నానాలి, ఆ తర్వాతే చెయ్యి పడాలి. తొందరపెడితే ఏం మిగులుతుందో మొదటి సీన్లోని యంత్రం ముందే చూపించేసింది.

సినిమా అయ్యాక లావ్‌షీ లైట్లు వేసి, తన చిన్నతనం చెప్పారు. పెకింగ్‌లోని పాత సందుల్ని హుటోంగ్‌లంటారు. ఆవిడ పుట్టింది అలాంటి సందులో. ఒకప్పుడు ఒకే కుటుంబం ఉన్న నాలుగు వసారాల ఇంట్లో అప్పటికి ఎన్నో కుటుంబాలు సర్దుకుని ఉండేవట. లోపల స్నానాల గది లేదు, మరుగుదొడ్డి లేదు. దొడ్డికి సందు చివర ఉన్న పబ్లిక్ టాయిలెట్‌కే, మైనస్ పది చలైనా సరే. బొగ్గు పొడిని తేనెపట్టులా చిల్లులతో ముద్దలు చేసి అమ్మేవారు, పొయ్యిలోకి అదే, గది వెచ్చదనానికీ అదే. స్నానం వారానికోసారి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని స్నానశాలకి. పండక్కి ముందైతే పెద్ద క్యూ.

"మీకు సినిమాలో స్నానశాల పోయిందని బాధగా ఉంది కదా? మా అమ్మకు లేదు" అన్నారు. అపార్టుమెంటులో ఫ్లాటు వచ్చిన మొదటిరోజు వాళ్లమ్మ బాత్రూంలో వేడినీళ్ల పంపు తిప్పడం, కట్టేయడం, మళ్లీ తిప్పడం, సాయంత్రం దాకా అదే పనట. కాసేపు ఊరుకుని, "కానీ ఆ ఊరి చివర ఫ్లాటుకి వెళ్లాక మా అమ్మ ఎవరితోనూ గట్టిగా నవ్వగా నేను వినలేదు" అన్నారు. ఆ రెండు మాటలూ ఆవిడ ఒకే గొంతుతో చెప్పారు. అప్పటి నుంచి పాతదంతా బంగారం, కొత్తదంతా ఇనుము అనేవాళ్ల మాట నాకు రుచించదు. చలికాలంలో సందు చివరిదాకా నడిచిన ముసలామెను అడక్కుండా హుటోంగ్‌ల అందం గురించి మాట్లాడకూడదు.

సినిమాలోనూ అదే జరుగుతుంది. ఆ పేట మొత్తం కూల్చేస్తున్నారు. ఎత్తయిన భవనాల్లోకి వెళ్తే నేల తగలక కీచురాళ్లు బతుకుతాయా అని ముసలివాళ్ల దిగులు. అది పురుగుల గురించిన దిగులు కాదని చూసే ఎవరికైనా తెలుస్తుంది.

మధ్యలో లియూ గారు చనిపోయిన తన భార్య గురించి చెప్పే ఘట్టం ఉంది. ఆమెది ఉత్తర షాన్షీ, పసుపురంగు మట్టి కొండల సీమ. నీళ్లు లేవు. పెళ్లికి ముందు ఆడపిల్లకి స్నానం చేయించాలి. ఇంటివాళ్లు ధాన్యం మూట భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, ఒక గిన్నె ధాన్యం పోసి ఒక గిన్నె నీళ్లు తెచ్చుకుంటారు. అలా కూడిన నీళ్లతో ఆ పిల్ల స్నానం చేస్తుంది. మా క్లాసులో గోదావరి పిల్లలకి అది కథ. నాకు కాదు. అనంతపురంలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మా చిన్నత్తకు మంగళస్నానాలు చేయించడానికి, బోరు ఎండిపోయి, పక్క వీధుల ఆడవాళ్లు తలా ఒక బిందె మోసుకొచ్చి మా వాకిట్లో దించడం నేను కళ్లారా చూశాను. ఎవరి బిందె వాళ్లకి తిరిగివ్వడానికి మా అమ్మ బొగ్గుతో గుర్తులు పెట్టింది. షాన్షీ మనుషులు మా ఊరివాళ్లే అనిపించింది ఆ రోజు. నీళ్ల విలువ తెలిసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లని చేసుకున్నాడు కాబట్టే ముసలాయన జీవితమంతా నీళ్ల పక్కనే ఉండిపోయాడేమో. సినిమా ఆ మాట అనదు, నాకు అలా తోచింది.

కానీ ఇన్నేళ్లుగా నన్ను వదలనిది అర్ మింగ్.

వాడికి ఆ స్నానశాలలో పని ఉంది. నేల కడుగుతాడు, సామాన్లు సర్దుతాడు, సాయంత్రం తండ్రితో పరుగుపందెం వేస్తాడు. వచ్చిపోయే ముసలివాళ్లందరికీ వాడు తెలుసు. వాడి జబ్బుకి పేరేమిటో ఎవరూ అడగరు, వాడు ఇంట్లో మనిషి అంతే. సందులోంచి బయటికి, పెద్ద ఊళ్లోకి అడుగు పెట్టగానే వాడు తప్పిపోతాడు. తండ్రి పోయాక (ఆ వేడినీళ్లలోనే, చిన్నకొడుకు పక్కనుండగానే పోతాడు) దా మింగ్ వాణ్ని ఒక ఆస్పత్రిలో చేర్పించబోతాడు. అక్కడ వాడు విరుచుకుపడతాడు. నిన్నటిదాకా పనిమంతుడైన మనిషి ఆ గేటు దాటగానే రోగి అయిపోయాడు. వాడిలో ఏమీ మారలేదు, చుట్టూ ఉన్న చోటు మారింది. అన్న వాణ్ని వెనక్కి తీసుకొచ్చేస్తాడు.

విదేశాల్లో చదివిన డాక్టర్లు రాయాల్సిన స్క్రీనింగ్ టెస్టు పాసై ఇక్కడ ప్రాక్టీసు మొదలుపెట్టాక ఇలాంటి పిల్లల్ని, పెద్దల్ని చాలామందిని చూశాను. పల్లెలో ఉన్నన్నాళ్లు గొర్రెలు తోలుతూనో, హోటల్లో బల్లలు తుడుస్తూనో, గుడి దగ్గర కొబ్బరి చిప్పలు ఏరుతూనో ఎవరికీ భారం కాకుండా ఉంటారు. ఇంటివాళ్లు సిటీలో ఫ్లాటులోకి మారాక ఆర్నెల్లలో నా దగ్గరికి తీసుకొస్తారు: "అరుస్తున్నాడు సార్, గోడకి తల కొట్టుకుంటున్నాడు, ఏదైనా మందివ్వండి." మందిస్తాను. ఇవ్వక తప్పదు. కానీ వాడు పోగొట్టుకున్నది నా చీటీలో రాయగలిగింది కాదు. ముసలివాళ్లదీ అదే. బీపీ చూడటానికి చెయ్యి పట్టుకుంటే వదలరు. ఆ చెయ్యి ఎన్నాళ్లకి ఎవరైనా పట్టుకున్నారో. పట్టా కోసం వెళ్లిన ఊళ్లో ఒళ్లు రుద్దే మేస్త్రీ దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ ఎక్కువ పనికొస్తోంది. తొందరపడకుండా, మెడ దగ్గర మొదలుపెట్టి మడమ దాకా, మనిషి మొత్తాన్నీ చూడటం.

సంప్రదాయం, ఆధునికత అని ఈ సినిమా గురించి పెద్ద మాటలు చాలానే రాశారు. నాకు కనిపించింది అంతకంటే చిన్న సంగతి. వేడినీళ్లు ఇప్పుడు ఇంటింటికీ వచ్చాయి, రావాలి కూడా. ఆ నీళ్ల పేరు చెప్పి ఊరంతా ఒకచోట చేరినప్పుడు, అర్ మింగ్ లాంటివాడికి కూడా అందులో ఓ పని దొరికేది. ఇప్పుడు వాడి పని ఎక్కడ? కట్టేవాళ్లు ప్లానులో బాత్రూం గీస్తున్నారు, లిఫ్టు గీస్తున్నారు. వాడికి కూడా ఒక చోటు గీయాలి. గీయొచ్చు, అసాధ్యమేమీ కాదు.

2008 ఒలింపిక్స్ ముందు మేం సెలవులకు పెకింగ్ వెళ్లినప్పుడు, చియెన్‌మెన్ చుట్టుపక్కల సందుల్లో గోడల మీద కూల్చివేత గుర్తులు ఉండేవి. తెల్లరంగుతో పెద్ద సున్నా, మధ్యలో ఒక అక్షరం. ఒక ఇంటికి ఆ గుర్తు పక్కనే మల్లెతీగలాంటిదేదో పాకుతోంది, కింద ముసలాయన స్టూలు వేసుకుని రేడియో వింటున్నాడు. ఫొటో తీద్దామని కెమెరా ఎత్తి దించేశాను. ఆ ఆగస్టులోనే తియాన్‌జిన్ నుంచి పెకింగ్‌కి అరగంటలో చేర్చే బుల్లెట్ రైలు వచ్చింది. ఆ రైలెక్కి అంతా సంబరపడ్డాం. నేనూ పడ్డాను, నిజంగానే అద్భుతమైన రైలది.

లియూ గారిగా నటించిన జూ షూ 2018 సెప్టెంబర్‌లో చనిపోయారు, ఎనభై ఎనిమిదేళ్లకు. పెకింగ్ పీపుల్స్ ఆర్ట్ థియేటర్‌లో జీవితమంతా నాటకాలాడిన మనిషి. పెద్దకొడుకు వేషం వేసిన పూ త్సున్‌షిన్‌ది కూడా అదే నాటకసంస్థ. అందుకేనేమో ఇద్దరూ మాట్లాడుకోకుండా ఉన్న సీన్లే ఎక్కువ మాట్లాడతాయి. అర్ మింగ్‌గా చేసిన జియాంగ్ వూ గురించి ఒక్క మాట: ఇలాంటి వేషం దొరికితే నటులు జాలి అడుక్కుంటారు, అతను అడగలేదు. చివర్లో కూల్చబోయే స్నానశాలలో ఆ లావుపాటి కుర్రాడి పాట అందుకుని గట్టిగా పాడతాడు చూడండి, ఆ గొంతులో ఏడుపు లేదు, ఉన్నదంతా పాటే.

జూ షూ పోయిన వార్త చదివిన వారంలోనే అమ్మానాన్నలకి ఈ సినిమా చూపించాను, ఆపి ఆపి తెలుగులో చెబుతూ. ధాన్యానికి నీళ్లు మార్చుకునే చోట అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మొత్తం చూసి ఒకటే అడిగాడు.

"అది సరే నాయనా, షెన్‌జెన్‌లో ఆ పెద్దోడి పెళ్లాం ఈ పిల్లోణ్ని ఇంట్లోకి రానిస్తాదా?"

సినిమా చెప్పలేదు నాన్నా అన్నాను.

"రానిస్తాది" అంది అమ్మ. "వాడు వచ్చి నేల కడిగేది చూస్తే ఎందుకు రానియ్యదు?"

"ఫ్లాటులో కడగనీకి నేలెంత ఉంటాదే" అన్నాడు నాన్న. ఆ రాత్రి అన్నాలు తినేదాకా వాళ్లిద్దరూ దాని మీదే వాదించుకున్నారు.